చేతి నీడ పనికి పీడ!

బియ్యంలో రాళ్లు ఏరాలంటే మనం చేట పట్టుకుని ఎక్కడ కూర్చుంటాం? దీపం కింద కాదు, వీధి గుమ్మం దగ్గర. సూదిలో దారం ఎక్కించాలంటే కిటికీ వైపు తిరుగుతాం. చీరకి జాకెట్టు గుడ్డ కొనేటప్పుడు కొట్టువాణ్ణి అడిగి మరీ బయటికి తెచ్చి వెలుతుర్లో చూసుకుంటాం. ఈ తెలివి మనకెవరూ నేర్పలేదు. ఏ పనికి ఎలాంటి వెలుతురు కావాలో ఆడవాళ్ల చేతులకి, కళ్లకి ముందే తెలుసు. కానీ ఇంట్లో మగవాళ్లు చేసుకునే పనిబల్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం పట్టించుకోం. "పైన బల్బు ఉందిగా, చాలదూ?" అని ఊరుకుంటాం.

మాది వడ్రంగం పని చేసుకునే ఇల్లు. వెనక వరండాలో బల్ల వేసుకుని మావారు పీటలు, దేవుడి మందిరాలు, కిటికీ రెక్కలు చేస్తారు. ఉప్పుకాగితం పట్టడం, పుట్టీ పెట్టడం, పాలిష్ వెయ్యడం నా వంతు. పిల్లల చదువులు, వంటలు అయ్యాక నా పని మొదలయ్యేది చీకటి పడ్డాకే. కాబట్టి ఈ దీపాల సంగతి నేను పుస్తకంలో చదివి రాస్తున్నది కాదు, రోజూ చేతులతో తడిమి చూస్తున్నది.

మా ఇంట్లో వడ్రంగి ఎవరూ లేరుగా అంటారా? ఈ రోజుల్లో రిటైరైన మామగార్లు, సెలవురోజు చేతిపని చేసుకునే మగపిల్లలు ఎంతమంది లేరు! అదీగాక వడ్రంగం అచ్చంగా మగవాళ్ల పనీ కాదు. నెల్లూరు జిల్లా ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కి కుటుంబాన్ని నడుపుకునే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మలకి కళ్లు, కనుబొమ్మలు దిద్దే చేతుల్లో ఆడవాళ్ల చేతులు చాలా ఉన్నాయి. చేత్తో చేసే ఏ పనికైనా వెలుతురు సూత్రం ఒక్కటే. ఇక్కడ చెప్పినది మీ కుట్టుమిషనుకీ, మగ్గం వర్కు చేసే ఫ్రేముకీ, వంటగట్టుకీ కూడా పనికొస్తుంది.

గదికి వేరు, పనికి వేరు

గదిలో దీపం మనం నడవడానికి, ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి. పనికి దీపం వేలి చివర ఉన్న గీతని చూడటానికి. ఈ రెండూ ఒకటే అనుకోవడంతోనే చిక్కంతా వస్తుంది.

గది మధ్యలో పైకప్పుకి బల్బు ఉంటుంది. బల్ల గోడవారగా ఉంటుంది. మనిషి గోడవైపు తిరిగి నిలబడతాడు. అంటే దీపం ఎక్కడుంది? వీపు వెనకాల! తల నీడ, భుజాల నీడ, చేతుల నీడ అన్నీ పోయి సరిగ్గా ఉలి అంచు మీద పడతాయి. మీ వంటింట్లో కూడా ఇదే తంతు. గట్టు ముందు నిలబడి కూర తరుగుతుంటే కత్తిపీట మీదో, చాకు కిందో పడేది మన తల నీడే. ఎంత పెద్ద బల్బు పెట్టినా ఆ నీడ పోదు, ఇంకా చిక్కగా అవుతుందంతే.

మా పక్క వీధిలో ఒక వడ్రంగి అబ్బాయి ఉన్నాడు. చక్కని పనివాడు. గడియ పెట్టడానికి తలుపుచెక్కలో గాడి తీస్తూ, చీకటి పడినా ఇంకొక్క పావుగంటేగా అని చేశాడు. ఉలి జారి ఎడమచేతి బొటనవేలికి నాలుగు కుట్లు పడ్డాయి. పన్నెండు రోజులు పని లేదు. ఆ పన్నెండు రోజులూ వాళ్లావిడ పాలవాడికీ, కిరాణా కొట్టుకీ ఏం చెప్పుకుందో నాకు తెలుసు. రెండు మూడు వందల దీపం కొనడానికి వెనకాడితే ఒక్కొక్కసారి నెలజీతం పోతుంది.

నీడ ఎటు పడుతోంది?

దీపం కొనకముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. రాత్రిపూట బల్ల మీద తెల్లకాగితం పరచండి. దాని మీద ఒక పెన్సిలు నిలబెట్టి పట్టుకోమని పిల్లవాడికి చెప్పండి. పనిచేసే మనిషి ఎప్పటిలా వంగి నిలబడాలి. ఇప్పుడు పెన్సిలు నీడ ఎటు పడుతోంది, తల నీడ కాగితం మీదికి వస్తోందా చూడండి. నీడ పనిచేసే మనిషి వైపు కాకుండా ఎదర గోడ వైపు పడుతోందంటే దీపం వెనకాల ఉన్నట్టు.

కుడిచేతివాటం వాళ్లకి వెలుతురు ఎడమవైపు నుంచి, కాస్త ఎదర నుంచి రావాలి. అప్పుడు చేతి నీడ పని మీద పడకుండా కుడిపక్కకి పోతుంది. ఎడమచేతివాటం వాళ్లకి సరిగ్గా దీనికి తిరగేసి. రాసుకునే పిల్లల టేబులు దగ్గర కూడా ఇదే పద్ధతి.

అసలు మంచి ఏర్పాటు ఏమిటంటే ఒక పెద్ద దీపం బదులు రెండు చిన్న దీపాలు, రెండు పక్కల నుంచి. ఒకదాని నీడని ఇంకొకటి చెరిపేస్తుంది. ఆపరేషన్ గదుల్లో డాక్టరుగారి తల మీద ఒకే పళ్లెంలో బోలెడు దీపాలు గుండ్రంగా ఉంటాయి చూశారా? అది అందుకే. పొడుగాటి ట్యూబ్‌లైటుకి ఉన్న సుగుణం కూడా అదే. నాలుగడుగుల పొడుగునా వెలుతురు వస్తుంది కాబట్టి నీడ మెత్తగా, పలచగా ఉంటుంది. బల్బు నీడ గీత గీసినట్టు ఉంటుంది.

పగటి వెలుతురుని వదలకండి

డబ్బు పెట్టక్కర్లేని దీపం కిటికీ. బల్లని కిటికీ పక్కన వేసుకుంటే పగలంతా కరెంటు అక్కర్లేదు. ఉత్తరం వైపు కిటికీ శ్రేష్ఠం అంటారు, ఎందుకంటే సంవత్సరంలో ఎక్కువ భాగం అటునుంచి ఎండ నేరుగా పడదు, వెలుతురు మాత్రం నిలకడగా వస్తుంది. అయితే మన ప్రాంతంలో ఒక తిరకాసు ఉంది. దాదాపు మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా హైదరాబాదు, విజయవాడల్లో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తికి కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. పొద్దునా సాయంత్రం ఉత్తరపు కిటికీలోంచి కూడా ఎండ ఏటవాలుగా లోపలికి వస్తుంది. ఆ మూడు నెలలూ పలచటి తెల్లగుడ్డ తెర కట్టుకుంటే సరిపోతుంది. పాత పంచెగుడ్డ చాలు.

ఎండ నేరుగా బల్ల మీద పడితే రెండు నష్టాలు. చిత్రిక పట్టిన నున్నటి చెక్క మెరిసి కళ్లు చెదురుతాయి. అతికించిన చెక్క ఒకపక్క ఎండి వంకర తిరుగుతుంది.

ఇంకొక చవక దీపం ఉంది, సున్నం. తెల్లగా సున్నం వేసిన గోడ మీద పడ్డ వెలుతుర్లో ముప్పాతిక భాగం దాకా గదిలోకి తిరిగి వస్తుంది. మసిపట్టిన గోడైతే పడినదంతా మింగేసి కూర్చుంటుంది. సంక్రాంతికి ఇల్లంతా వేయించి, వెనక వరండాని మాత్రం "అక్కడెవరు చూస్తారులే" అని వదిలేస్తుంటాం. ఈసారి ముందు అక్కడే వేయించండి. పైకప్పుకి కూడా.

ఎంత వెలుతురు కావాలి?

వెలుతుర్ని కొలవడానికి రెండు లెక్కలున్నాయి. బల్బులోంచి మొత్తం ఎంత వెలుతురు వస్తుందో చెప్పేది ల్యూమెను. అది బల్బు పెట్టె మీద రాసి ఉంటుంది. మన పని మీద ఎంత పడుతోందో చెప్పేది లక్సు. ఒక చదరపు మీటరు జాగా మీద ఒక ల్యూమెను పడితే ఒక లక్సు. కుండలో ఉన్న పాలు ల్యూమెన్లు అనుకుంటే, గ్లాసులో పడ్డ పాలు లక్సులు.

మిట్టమధ్యాహ్నం ఆరుబయట ఎండలో లక్ష లక్సుల దాకా ఉంటుంది. మన కూర్చునే గదిలో రాత్రిపూట నూరో, నూటయాభయ్యో. చెక్కలు కోసి, అతికించి, బిగించే మామూలు బల్లపనికి 300 లక్సులు కావాలంటారు. యంత్రం మీద పనికి 500. నగిషీ, పాలిష్ లాంటి సన్నపనికి 750. ఇవి నిపుణులు వాడే అంకెలు.

మరి పదడుగుల ఎత్తున పైకప్పుకి ఉన్న ఒక్క తొమ్మిది వాట్ల బల్బు కింద బల్ల మీద ఎంత పడుతుంది? యాభై లక్సులు దాటడం కష్టం. అంటే కావలసినదాంట్లో ఆరోవంతు! మనవాళ్లు పనిచేస్తున్నది ఆ ఆరోవంతులోనే.

అలాగని పెద్ద బల్బులు కొనెయ్యనక్కర్లేదు, ఉన్నదాన్ని కిందికి దించితే చాలు. బల్బు పనికి నాలుగడుగుల దూరంలో ఉన్నప్పుడు ఎంత వెలుతురు పడుతుందో, రెండడుగులకి తెస్తే దానికి నాలుగింతలు పడుతుంది. దూరం సగమైతే వెలుతురు రెట్టింపు కాదు, నాలుగు రెట్లు. ట్యూబ్‌లైటుకి అంత పెరగదు కానీ బాగానే పెరుగుతుంది.

ఐదడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు బల్ల అనుకుందాం. దాని మీద మూడడుగుల ఎత్తున, బల్ల పొడుగునా ఒక నాలుగడుగుల ఎల్ఈడీ ట్యూబు, 20 వాట్లది, సుమారు 2000 ల్యూమెన్లది కట్టండి. బల్ల నడుమ 500 లక్సులకి తక్కువ ఉండదు. ట్యూబుని బల్ల నడిమధ్యకి కాకుండా, గోడవైపు కొంచెం జరిపి కట్టాలి. అప్పుడే తల నీడ పడదు. దీనికి తోడుగా సన్నపనికి ఒక మెడ వంగే దీపం ఉంటే ఇక లోటు లేదు.

వయసు సంగతి కూడా మరిచిపోకండి. నలభై దాటాక చత్వారం వస్తుంది, అద్దాలు పెట్టుకుంటాం. కానీ అద్దాలు వెలుతుర్ని పెంచవు. వయసు పెరిగేకొద్దీ కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపు రంగుకి తిరుగుతుంది. అరవై ఏళ్ల కంటికి ఇరవై ఏళ్ల కంటికన్నా రెండు మూడు రెట్లు ఎక్కువ వెలుతురు కావాలి. మా మామయ్యగారు సాయంత్రం కాగానే "అమ్మాయ్, ఈ గీత ఉందా, పోయిందా?" అని నన్ను పిలిచేవారు. బల్ల మీద రెండో దీపం పెట్టాక ఆ పిలుపు మానేశారు. కళ్లు బాగుపడలేదు, వెలుతురు బాగుపడింది. మీ ఇంట్లో పెద్దవాళ్లు "నాకిక చేతకాదులే" అని పనిముట్లు పక్కన పడేస్తుంటే, ముందు దీపం మార్చి చూడండి.

ఏ దీపం కొనాలి?

మన చిన్నప్పటి 60 వాట్ల పసుపు బల్బు సుమారు 700, 800 ల్యూమెన్లు ఇచ్చేది. ఇప్పుడు తొమ్మిది వాట్ల ఎల్ఈడీ అంతకన్నా కొంచెం ఎక్కువే ఇస్తుంది. రోజుకి నాలుగు గంటలు వేస్తే నెలకి పాత బల్బుకి ఏడు యూనిట్లు దాటుతుంది, ఎల్ఈడీకి ఒక యూనిట్టు. 2015లో ప్రభుత్వం ఉజాలా పథకం పెట్టి ఎల్ఈడీ బల్బులు ఇంటింటికీ చవకగా ఇచ్చాక వీటి ధర సామాన్యులకి అందుబాటులోకి వచ్చింది. కాబట్టి ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లకి ఎల్ఈడీయే మంచిది.

కొనేటప్పుడు వాట్లు చూసి కొనకండి. వాట్లు కరెంటు తినే లెక్క, వెలుతురు లెక్క కాదు. పెట్టె మీద ల్యూమెన్లు ఎన్ని ఉన్నాయో చూడండి. బి.ఐ.ఎస్. గుర్తు, దాని రిజిస్ట్రేషన్ నంబరు, కరెంటు ఆదా నక్షత్రాలు, గ్యారంటీ ఎన్నేళ్లో చూడండి. బిల్లు తీసుకుని ఆ పెట్టెలోనే దాచండి. బండి మీద యాభై రూపాయలకి దొరికే పేరులేని బల్బు కొన్న మర్నాటి నుంచే మిణుకుమంటుంది.

మెడ వంచే దీపాల్లో రెండు రకాలున్నాయి. ఒకటి పాము మెడలా ఎటు వంచితే అటు వంగేది. రెండోది మోచెయ్యిలా మడతలు, స్ప్రింగులు ఉన్నది. ఈ రెండో రకాన్ని 1932లో ఇంగ్లాండులో జార్జ్ కార్వర్డైన్ అనే ఇంజనీరు కనిపెట్టాడు. ఆయన కార్ల స్ప్రింగుల మీద పనిచేసిన మనిషి. మన చెయ్యి కండరాలు బరువుని ఆపినట్టే స్ప్రింగులు దీపాన్ని ఎక్కడ వదిలితే అక్కడ ఆపుతాయి. పనిబల్లకి ఇదే మేలు. కింద పళ్లెంతో నిలబడేది వద్దు, సుత్తి దెబ్బలకి బల్ల అదిరి పడిపోతుంది. బల్ల అంచుకి మరతో బిగించేది కొనండి.

దీపానికి డొప్ప తప్పనిసరిగా ఉండాలి. డొప్ప అంచు పనిచేసే మనిషి కంటికన్నా కిందికి ఉండాలి. బల్బు కంటికి కనపడిందంటే అది పనికి దీపం కాదు, కంటికి శిక్ష. అలాగని గదంతా చీకటి చేసి ఒక్క బల్ల దీపమే వేసుకోకూడదు. తలెత్తితే చీకటి, దించితే వెలుగు అయితే కన్ను ప్రతిసారీ సర్దుకోలేక అలిసిపోతుంది, తలనొప్పి వస్తుంది. బల్ల మీద ఉన్న వెలుతుర్లో మూడోవంతైనా చుట్టుపక్కల ఉండేలా చూసుకోండి.

రంగులో తేడా రాకుండా

దీపానికీ రంగు ఉంటుంది. పెట్టె మీద 2700 లేదా 3000 కె అని ఉంటే పసుపు వెలుతురు. 4000 కె అంటే పొద్దుటి వెలుతురులా మామూలు తెలుపు. 6500 కె అంటే నీలంపాటి తెలుపు, మన కొట్లలో ఎక్కువగా అమ్మేది ఇదే. బల్లపనికి 4000 హాయిగా ఉంటుంది. అది దొరక్కపోతే 6500 వాడినా నష్టం లేదు కానీ, రెండు దీపాలూ ఒకే రంగువి ఉండాలి.

దీనికన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. రంగుని ఉన్నదున్నట్టు చూపించే గుణం. పెట్టె మీద సి.ఆర్.ఐ. అని ఉంటుంది. పాత పసుపు బల్బుకి ఇది నూటికి నూరు. మామూలు ఎల్ఈడీకి 80. మంచివాటికి 90 పైన. వీధిలో పచ్చటి సోడియం దీపం కింద ఎర్రచీర మట్టిరంగులో కనపడేది, గుర్తుందా? ఈ గుణం ఆ దీపానికి బాగా తక్కువ.

మాకు తెలిసిన ఒకరింట్లో టేకు మందిరం చేయించుకున్నారు. పాలిష్ వేసినాయన ఒక రెక్కకి పగలు, రెండో రెక్కకి రాత్రి నీలపు దీపం కింద వేశాడు. రాత్రి చూస్తే రెండూ ఒకటే. గృహప్రవేశం నాడు పొద్దున్నే చూస్తే ఒక రెక్క తేనెరంగు, ఒక రెక్క బెల్లంపాకం రంగు! మళ్లీ గీకి మళ్లీ వెయ్యాల్సి వచ్చింది, ఆయన కూలి డబ్బులు లక్కకీ స్పిరిట్‌కీ సరిపోయాయి. కాబట్టి రంగు కలిపే పని పగలు చేసుకోవాలి. కుదరనప్పుడు 90 సి.ఆర్.ఐ. ఉన్న ఒక్క బల్బు పాలిష్ కోసం విడిగా పెట్టుకోవాలి. జాకెట్లకి దారం రంగు కలుపుకునే అక్కచెల్లెళ్లకీ ఇదే మాట.

ఏటవాలు దీపం చేసే మేలు

ఇది నాకు చాలా ఇష్టమైన కిటుకు. ఉప్పుకాగితం పట్టడం అయిందనుకున్నాక పై దీపాలు ఆర్పేసి, చిన్న దీపాన్నో, టార్చినో చెక్కకి ఆనించినట్టు పక్కనుంచి పడుకోబెట్టి వేయండి. నున్నగా ఉందనుకున్న చెక్క మీద చిత్రిక గీతలు, జిగురు మచ్చలు, అడ్డంగా పడ్డ గరుకుగీతలు చిన్న చిన్న గట్లలా లేచి కనపడతాయి. పొద్దున్నే సూర్యుడు వాలుగా ఉన్నప్పుడు పొలంలో నాగటిచాళ్లు స్పష్టంగా కనపడినట్టే ఇది. కనపడినచోట సుద్దముక్కతో గుర్తుపెట్టి, పై దీపం వేసి మళ్లీ రుద్దాలి. పాలిష్ వేశాక దొరికే గీత పాలిష్‌తో పాటే పోవాలి, అంటే రెండు రోజుల పని. ముందే దొరికితే ఐదు నిమిషాలు.

తిరిగే యంత్రం ఉంటే జాగ్రత్త!

ఈ భాగం ఒకటికి రెండుసార్లు చదవండి. సినిమాలో బండి చక్రం ముందుకి పోతున్నా వెనక్కి తిరుగుతున్నట్టో, ఆగినట్టో కనపడుతుంది కదా? అది పనిబల్ల దగ్గర కూడా జరగొచ్చు. మన ఇళ్లకి వచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు ఊగుతుంది. దానివల్ల పాత చోకు ట్యూబ్‌లైట్లు, నాసిరకం ఎల్ఈడీలు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. కంటికి తెలియదు. నిమిషానికి 3000 చుట్లు తిరిగే చక్రం సెకనుకి 50 చుట్లు తిరుగుతుంది. అంటే అది సరిగ్గా అరచుట్టు తిరిగినప్పుడల్లా దీపం వెలుగుతుంది. చక్రం మీది గుర్తు కదలకుండా నిలబడినట్టు కనపడుతుంది. రంపం ఆగిందనుకుని చెయ్యి పెడితే ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాకలో అంకుడు కర్రని తిరిగే యంత్రానికి బిగించి, లక్క రంగులు పట్టించి బొమ్మలు చేస్తారు. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అలాంటి తిరుగుడు పని చేసే ఏ ఇంట్లోనైనా దీపం మిణుకు ముందు చూసుకోవాలి.

పరీక్ష సులువు. చీకటిపడ్డాక ఆ ఒక్క దీపమే వేసి, దాని ముందు పెన్సిలుని విసనకర్రలా గబగబా ఊపండి. పెన్సిలు పలచటి పొగలా ఒకే మరకగా కనపడితే దీపం మంచిది. విడివిడిగా చాలా పెన్సిళ్లు కనపడితే మిణుకు ఉన్నట్టు. సెల్‌ఫోను కెమెరాని దీపానికి దగ్గరగా పెట్టినా, తెర మీద నల్లటి పట్టీలు పాకుతూ కనపడతాయి. అలాంటి దీపాన్ని స్నానాల గదికి మార్చండి, యంత్రం దగ్గర వద్దు.

కరెంటు పోవడం ఇంకొక గండం. దీపం ఆరిపోతుంది కానీ రంపం చక్రం ఇంకా కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. కరెంటు పోతే తనంతట తనే వెలిగే, లోపల బ్యాటరీ ఉన్న ఎల్ఈడీ బల్బు ఒకటి యంత్రం దగ్గర పెట్టించండి. కరెంటు పోగానే యంత్రం స్విచ్చి ఆపేయడం అలవాటు చేసుకోవాలి, లేకపోతే కరెంటు వచ్చినప్పుడు దానంతటదే తిరగడం మొదలెడుతుంది.

పొట్టు, వైరు, టర్పెంటైను

రంపపుపొట్టు, చిత్రిక పేళ్లు అగ్గికి ఆహారం. హాలోజెన్ దీపాలు చెయ్యి కాలేంత, పేళ్లు రాజుకునేంత వేడెక్కుతాయి. బల్ల దగ్గర వాటిని వాడవద్దు. ఎల్ఈడీ అంత వేడెక్కదు కానీ దాని వెనక భాగం వేడిగానే ఉంటుంది. అక్కడ పొట్టు పేరుకుంటే వేడి బయటికి పోక బల్బు తొందరగా చచ్చిపోతుంది. వారానికోసారి స్విచ్చి ఆపి, చల్లారాక, పొడిగుడ్డతో తుడవండి. దుమ్ము పట్టిన దీపం వెలుతురు ఎంత మింగుతుందో తుడిచిన రోజున తెలుస్తుంది.

స్పిరిట్, థిన్నర్, టర్పెంటైను వాడేటప్పుడు కిటికీలు తెరిచి ఉంచండి. అప్పుడు దీపం స్విచ్చి వెయ్యడం, తియ్యడం చెయ్యకండి. స్విచ్చిలో పుట్టే చిన్న నిప్పురవ్వ చాలు ఆ ఆవిరి అంటుకోవడానికి. పని మొదలెట్టకముందే దీపం వేసుకోవాలి.

వైరు బల్ల మీదుగా పోకూడదు, ఉలికీ రంపానికీ అందకుండా గోడమీదుగా రావాలి. ఇనప డొప్ప దీపమైతే మూడు పిన్నుల ప్లగ్గు, ఎర్తు ఉండి తీరాలి. మీటరు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే కరెంటు ఆపేసే స్విచ్చి పెట్టించుకుంటే, వానాకాలం తడి వరండాలో పనిచేసేవాళ్లకి ప్రాణరక్ష.

కుట్టుమిషనూ, వంటగట్టూ

ఇప్పుడు మన వంతు. కుట్టుమిషనుకి ఉన్న చిన్నబల్బు సూది దగ్గర మాత్రమే వెలుతురిస్తుంది, అదొక్కటే చాలదు. ఎడమవైపు ఎదరనుంచి మెడ వంగే దీపం, పనికి అడుగున్నర ఎత్తున పెట్టుకోండి. నల్లగుడ్డ మీద నల్లదారంతో కుట్టేటప్పుడు తెల్లగుడ్డకి కావలసినదానికన్నా ఎన్నో రెట్లు వెలుతురు కావాలి. అలాంటి పనులు పగటికి దాచుకోండి.

వంటగట్టుకి పై అలమర అడుగున, ముందు అంచువైపు, ఒక రెండడుగుల ఎల్ఈడీ పట్టీ పెట్టిస్తే తల నీడ బెడద పోతుంది. పోపు మాడిందో వేగిందో, పప్పులో పురుగుందో లేదో అప్పుడు తెలుస్తుంది. పొయ్యికి నేరుగా పైన మాత్రం పెట్టకండి, ఆవిరి, నూనెజిడ్డు పట్టి పాడవుతుంది.

గుర్తుంచుకోండి

* దీపం వీపు వెనక కాదు, ఎదర ఉండాలి. కుడిచేతివాటానికి ఎడమవైపు నుంచి.
* ఒక పెద్ద దీపం కన్నా రెండు చిన్న దీపాలు మేలు.
* వాట్లు కాదు, ల్యూమెన్లు చూసి కొనండి.
* బల్బు కంటికి కనపడకూడదు, పని మీదే పడాలి.
* దూరం సగం చేస్తే బల్బు వెలుతురు నాలుగింతలు.
* రంగు, పాలిష్ కలిపే పనికి 90 సి.ఆర్.ఐ. బల్బు.
* తిరిగే యంత్రం దగ్గర పెన్సిలు పరీక్ష చెయ్యనిదే దీపం పెట్టవద్దు.
* గోడలకి సున్నం, దీపాలకి వారానికోసారి పొడిగుడ్డ.

అన్నీ ఒకేసారి కొననక్కర్లేదు. ఈ నెల ట్యూబు కిందికి దించి కట్టించండి, దానికి ఎలక్ట్రీషియన్ కూలి తప్ప ఖర్చు లేదు. వచ్చే నెల ఒక బిగించే దీపం. పండక్కి సున్నం. దీపం మార్చిన మర్నాడు ఇంట్లోవాళ్లని "పని ఎలా ఉంది?" అని అడగకండి. వాళ్లు పని మధ్యలో కళ్లు నలుపుకోవడం తగ్గిందో లేదో మీరే గమనించండి. తగ్గిందంటే మీ డబ్బు వసూలైనట్టే.